పన్నెండో బల్ల

గురువారం పొద్దున బైండింగ్ హాలు గోడమీద అంటించిన కాగితంలో ఒక్క వాక్యమే ఉంది. ఏడో బల్ల మనిషి వచ్చే సోమవారం నుంచి గోదాము పనికి. కింద మేనేజరు సంతకం, పక్కన రబ్బరు ముద్ర.

ఆ కాగితాన్ని అంటించింది కంప్యూటరు గదిలో పనిచేసే అతను. నాలుగు మూలలా జిగురు సమానంగా రాసి, వంకర లేకుండా అంటించాడు కూడా. చదివినవాళ్లు చదివి బల్లల దగ్గరికి వెళ్లిపోయారు. దారం రీళ్ల పెట్టె దగ్గర నిలబడ్డ ఒకామె మాత్రం రెండుసార్లు చదువుకుని అతని వంక తిరిగింది.

"ఏడో బల్లా? సరిగ్గా చూశారా సారూ?"

"నేను చూసేదేముందండీ, మిషనే చూసింది," అని నవ్వి మెట్లెక్కేశాడు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

హాల్లో అతనికి కామా సారు అని పేరు. ఎదురుపడితే సారు, వెనక్కి తిరిగితే కామా. ఆ పేరు తెచ్చుకున్నది అతనే. పన్నెండు బల్లలకూ చిన్న మీటల పలకలు బిగించి, సాయంత్రం గంట కొట్టాక ఎన్ని పుస్తకాలు కుట్టారో అందులో నొక్కమని నేర్పిన రోజున, "మీ అంకెలన్నీ పైన నా దగ్గర ఒకే వరసలో పడతాయి, మధ్యమధ్య కామాలుంటాయి, కామా ఉంటేనే ఏది ఎవరిదో తెలుస్తుంది," అని ఒక్కో బల్ల దగ్గరా విడివిడిగా చెప్పాడు. పన్నెండుసార్లు కామా పాట పాడినవాణ్ణి ఇంకేమని పిలుస్తారు?

ఆ వరసలోంచి అన్నిటికంటే చిన్న అంకె ఏ బల్లదో వెతికి చెప్పే స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము కూడా అతను రాసిందే. అరగంట పట్టింది. గోదాములో కట్టలు మోయడానికి మనిషి తక్కువ, కొత్తవాళ్లని తీసుకోవద్దని పైనుంచి ఉత్తరం. హాల్లోంచి ఒకళ్లని పంపక తప్పదు. ఎవరిని పంపినా తిట్లు తినాల్సిందే గనక మేనేజరు ఆ తిట్లు మిషనుకి అప్పగించాడు. "ఎన్నెన్ని కుట్టారో నాకెందుకయ్యా, బల్ల నంబరు చాలు. మూడు రోజులు వరసగా ఒకే బల్ల అట్టడుగున ఉంటే ఆ మనిషి గోదాముకి," అన్నాడు. అందుకని స్క్రిప్టు రోజూ సాయంత్రం కాగితం మీద ఒక్క బల్ల నంబరే వేసేది. సోమవారం ఏడు. మంగళవారం ఏడు. బుధవారం ఏడు.

పదకొండు గంటలకి, టీ వేళ, ఏడో బల్ల ఆమె పైకి వచ్చింది. హాలంతా ఆమెని తూనీగ అంటుంది. వేళ్లు ఒకచోట ఆగవని ఆ పేరు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చి, చేతిలో ఉన్న రేకు డబ్బా మూత తీసి అతని బల్ల మీద బోర్లించింది. చిక్కుడుకాయ ఈనెల్లా తెల్లటి దారపు కొసలు గుట్టగా పడ్డాయి.

ఆ కొసల సంగతి అతనికి తెలుసు. పుస్తకం కుట్టడం అయ్యాక ముడేసి, మిగిలిన దారం కత్తిరించి, ఆ కొసని నేల మీద పడెయ్యకుండా పక్కనున్న డబ్బాలో వేసుకోవడం హాలు అలవాటు. పుస్తకానికో కొస. సాయంత్రం డబ్బా లెక్కపెట్టుకుని మీటలు నొక్కుతారు.

"నిన్నటివి సారూ. పారబొయ్యలేదు. లెక్కపెట్టండి."

"అంకె మీరు కొట్టేశారు కదండీ, మళ్లీ ఎందుకు?"

"నేను కొట్టింది మీకు అందినట్టు లేదు. అందుకే మోసుకొచ్చాను."

గొంతు పెంచలేదామె. నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. అతను పదేసి కొసలు ఒక పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. ఆరో పది దగ్గర విసుగు పోయింది. ఎనిమిదో పది దగ్గర చేతివేగం తగ్గింది. పది పదులయ్యాక ఇంకా ఏడు మిగిలాయి.

"నూట ఏడు," అన్నాడు.

"మొన్న నూట నాలుగు, అటు మొన్న నూట రెండు. ఈ వారం పిల్లల పుస్తకాలు, నాలుగే ఫారాలు, అరవై నాలుగే పేజీలు, సన్నం. పన్నెండేళ్లలో వంద దాటడం నాకిదే మొదలు. ఇంట్లో పిల్లలకి కూడా చెప్పుకున్నాను. పొద్దున వచ్చి చూస్తే గోడమీద కాగితం."

అతను బుధవారం వరస తెరిచాడు. 71,83,66,90,78,63,107,74,81,69,57, అని ఉంది. చివరి కామా తర్వాత ఖాళీ. పన్నెండో బల్ల ఆమె పురిటికి వెళ్లింది, ఆ పలక నొక్కేవాళ్లు లేరు. ఆ ఖాళీని సున్నా అనుకోకుండా వదిలెయ్యమని స్క్రిప్టులో ముందే రాశాడు, అలా రాసినందుకు తనని తాను మెచ్చుకున్నాడు కూడా. ఖాళీని గుర్తుపెట్టుకున్నవాడు వందని మరిచిపోయాడు. కామా దగ్గర తుంచితే వచ్చే ముక్కలు మిషనుకి అంకెలు కావు, ఉత్త రాతలు. వాటిని అంకెలుగా చూడమని విడిగా ఒక మాట రాయాలి. రాయకపోతే అది నిఘంటువులో పదాలు పేర్చినట్టు మొదటి అక్షరం చూసి పేరుస్తుంది. ఒకటితో మొదలైన నూట ఏడు, అయిదుతో మొదలైన యాభై ఏడు కంటే ముందుకి వచ్చి కూర్చుంటుంది. ఇన్నాళ్లూ హాల్లో ఎవరూ వంద దాటలేదు గనక తప్పు బయటపడలేదు. దాటిన మొదటి మనిషినే అది పట్టుకుంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు అతనికి. చెప్పక తప్పదని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

తూనీగ అప్పుడు కూర్చుంది. చిన్నగా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఎక్కువ కుట్టినందుకన్నమాట."

"నాదే తప్పండీ. ఇప్పుడే దిద్దుతాను. ఆ కాగితం నేనే చించేస్తాను."

"పోయినేడాది అయిదో బల్ల నుంచి ఒకామెని గోదాముకి పంపారు, మీరింకా రాలేదు అప్పటికి. మూడు నెలలు కట్టలు మోసి తిరిగొస్తే సూదిలో దారం ఎక్కించలేకపోయింది. చేతులు మొద్దుబారిపోయాయి. వారం చూసి తనే మానేసింది." ఆమె కొసలన్నీ మళ్లీ డబ్బాలోకి తోసుకోవడం మొదలుపెట్టింది. "పొద్దున ఆ కాగితం చదివినప్పటి నుంచి వేళ్లే చూసుకుంటున్నానంటే నమ్మండి. సరే, మరి అసలు తక్కువ ఎవరిది?"

నోరు మూసుకుని ఉండాల్సింది. ఆమె మాట్లాడుతుండగానే దిద్దిన స్క్రిప్టు నడిచిన ఉత్సాహంలో తెర మీద పడింది చదివేశాడు.

"మూడు రోజులూ పదకొండో బల్ల."

ఆమె చేయి కొసల మీద ఆగిపోయింది. పదకొండో బల్ల పెద్దమ్మది. హాల్లో అందరికీ పెద్దమ్మే. సగం మందికి సూది పట్టడం నేర్పింది ఆవిడే. మోకాళ్లు వంగక మెట్లు పక్కవాటుగా దిగుతుంది.

"పెద్దమ్మ నెమ్మది కాదు సారూ. మాకు వంకర పోయినవన్నీ ఆవిడ దగ్గరికే పోతాయి. విప్పి మళ్లీ కుడుతుంది. కొస మాత్రం ఎవరి పుస్తకమైతే వాళ్ల డబ్బాలో వేసి వెళ్తుంది, తన దాంట్లో వేసుకోదు." గుట్టలోంచి మూడు కొసలు ఏరి పక్కన పెట్టింది, అవే ఇవని ఏమీ లేకపోయినా. "ఈ నూట ఏడులో మూడు ఆవిడవి. మూడో బల్లలో ఎన్నో, ఆరులో ఎన్నో."

అతను తెరని తన వైపు తిప్పుకున్నాడు.

"ఆ కాగితం అలాగే ఉండనివ్వండి. నా నడుం గట్టిదే," అంది తూనీగ. మూడు కొసలు కూడా డబ్బాలో వేసుకుని మూత పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మేనేజరు మంచివాడు కాదనడానికి లేదు. అతను వెళ్లి తన తప్పు చెప్తున్నంతసేపూ ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు, కేకలు వెయ్యలేదు. కాగితం తీసెయ్యమన్నాడు. "అయితే పదకొండు అంటావు."

"ఆవిడ అందరి తప్పులూ సరిచేస్తుంది సార్. అది లెక్కలోకి రావడం లేదు."

"నీ వరసలో ఉందా అది?"

"లేదు సార్."

"ఒకసారి తప్పయింది. ఇప్పుడు ఆ మూడు రోజులే తీసి ఇంకొకళ్ల పేరు చెప్తే, మనకిష్టమైనట్టు మార్చామంటారు. పాత లెక్క రద్దు. రేపు, ఎల్లుండి, సోమవారం, కొత్తగా మూడు రోజులు చూద్దాం. మంగళవారం పొద్దుటికి నాకు బల్ల నంబరు కావాలి. గోదాము వాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు."

మూడు రోజుల్లో పెద్దమ్మ ఏమీ మారదని అతనికి తెలుసు. మేనేజరుకి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. అట్టడుగున ఉన్న అంకె వెనక మనిషి మోకాళ్లు ఉంటాయని ఆయనకి చెప్పే స్క్రిప్టు ఎవరూ రాయలేదు.

సాయంత్రం ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆమె దుప్పటి రెండో కొస పట్టుకోమని సైగ చేసి, మడత పూర్తయ్యాక అడిగింది.

"మీరెప్పుడైనా ఒక్క పుస్తకం కుట్టారా?"

"నేనెందుకు కుడతాను?"

"ఎనిమిది నెలల నుంచి వాళ్ల పుస్తకాలు లెక్కపెడుతున్నారు కదా, అందుకని అడిగా."

అరుగు మీద బొమ్మలు గీసుకుంటున్న కూతురు తల ఎత్తకుండానే, "నాన్నకి నా గౌను గుండీ కుట్టడమే రాలేదు," అంది. అది నిజం. ఆ గుండీ బడికి వెళ్లేలోపే ఊడిపోయింది.

మర్నాడు పొద్దున మేనేజరు గదికి వెళ్లి, అంకెలు ఎలా పుడుతున్నాయో దగ్గర కూర్చుని చూస్తే ఇంకో తప్పు రాకుండా ఉంటుందనీ, పన్నెండో బల్ల ఖాళీగానే ఉందనీ, మూడు రోజులు అక్కడ కూర్చుంటాననీ అడిగాడు. అప్పటికి అతని మనసులో అంతకుమించి ఏమీ లేదు. గుండీ మాట మాత్రం గుచ్చుకుంటోంది.

"కూర్చో," అన్నాడు మేనేజరు. "అయితే హాల్లో కూర్చున్నవాడు పని చెయ్యాలి, సాయంత్రం అంకె కొట్టాలి. కబుర్లు చెప్పుకుంటున్నావని రేపు నాకు మాట రాకూడదు."

పన్నెండో బల్ల పెద్దమ్మ పక్కదే. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, తన దగ్గరున్న రెండో సూది తీసి ఇచ్చింది. "పాంటు మీద మైనం అంటితే పోదు బాబూ, ఒళ్లో ఈ గుడ్డ వేసుకో." దారాన్ని మైనం ముక్క మీదుగా ఎలా లాగాలో చూపించింది. పదహారేసి పేజీలుగా మడిచిన నాలుగు ఫారాలు వరస తప్పకుండా పేర్చి, ఒక్కో ఫారం మడత మధ్యలోకి లోపలి నుంచి సూది దించి, పక్క రంధ్రంలోంచి తీసి, కింది ఫారం కుట్టులోంచి పోనిచ్చి బిగించాలి. ఎక్కువ లాగితే కాగితం చిరుగుతుంది. తక్కువ లాగితే పుస్తకం వదులై పళ్లూడిన నోరులా ఊగుతుంది. అతను మొదటి గంటలో రెండుసార్లు కాగితం చించాడు, మూడుసార్లు వేలు పొడుచుకున్నాడు, ఒకసారి తన చొక్కా అంచునే పుస్తకంతో కలిపి కుట్టేశాడు. అది చూసి నాలుగో బల్ల దాకా నవ్వారు.

"కామా సారూ, మీకు మీరే ఫుల్‌స్టాప్ పెట్టుకునేట్టున్నారు," అందెవరో. వెనక మాత్రమే పిలిచే పేరు ఎదురుగా వినడం అతనికి బాగానే ఉంది.

మధ్యాహ్నానికి మూడు పుస్తకాలయ్యాయి. పెద్దమ్మ వాటిని చేతిలోకి తీసుకుని, వెన్ను మీద బొటనవేలు రాసి, రెండింటిని విప్పి మళ్లీ కుట్టింది. ఆవిడ చేతిలో దారం చప్పుడు కూడా చెయ్యలేదు. కొసలు కత్తిరించి అతని డబ్బాలో వేసింది.

"పెద్దమ్మా, అవి మీ డబ్బాలో వేసుకోండి. కుట్టింది మీరు."

"నీ పుస్తకం కదా బాబూ."

"అందుకే మీ అంకె తగ్గుతోంది. తెలుసా మీకు?"

"తెలియకేం. తూనీగ నిన్న ఏడుస్తూ అంతా చెప్పింది." సూది నోట్లో పెట్టుకుని ఇంకో పుస్తకం ఫారాలు సర్దుకుంది. "నా డబ్బాలో వేసుకుంటే నేను పైకి వస్తాను, ఆరో బల్ల పిల్ల కిందికి పోతుంది. దానికింకా పని సరిగ్గా అబ్బలేదు. అందరం వందేసి కుట్టినా ఎవరో ఒకళ్లు కింద ఉండాలిగా నీ లెక్కకి. నేనే ఉంటే పోలా?"

అంటూనే కుడి మోకాలు మెల్లగా రుద్దుకుంది. అతను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. గోదాములో కట్ట ఇరవై అయిదు కిలోలు. లారీలోకి ఏటవాలు చెక్క మీదుగా ఎక్కించాలి. ఈవిడ వల్ల ఒక్క రోజు కూడా కాదు. పంపడమంటే మానెయ్యమనడమే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, తెలిసే తన డబ్బా ఖాళీగా ఉంచుకుంటోంది. అతను ఫారాల మీదికి తల వంచుకున్నాడు.

సాయంత్రం గంట కొట్టింది. అందరితోపాటు తనూ డబ్బా తీసి లెక్కపెట్టుకున్నాడు. ఆరు. అందులో నాలుగు పెద్దమ్మ విప్పి కుట్టినవి. ఆరు నొక్కి, పైకి వెళ్లి, స్క్రిప్టు నడిపాడు. పదకొండే పడుతుందని చూస్తున్నాడు.

కాగితం మీద పన్నెండు అని పడింది.

ఇంకో తప్పు రాశానా అనుకున్నాడు మొదట. వరస తెరిచి చూశాడు. చివరి కామా తర్వాత ఖాళీ లేదు. అక్కడ ఆరు ఉంది, పక్కనే పెద్దమ్మ యాభై అయిదు ఉంది. మిషను ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పింది. కుర్చీలో వెనక్కి వాలి ఒంటరిగా పెద్దగా నవ్వాడు. జీవితంలో తక్కువ మార్కులు వచ్చినందుకు సంతోషించడం అదే మొదలు.

శనివారం తొమ్మిది కుట్టాడు. సోమవారం పద్నాలుగు. కావాలని నెమ్మదిగా కుట్టాల్సిన అవసరమే రాలేదు. ఒళ్లు దాచుకోకుండా, టీకి కూడా లేవకుండా కుడితే వచ్చిన అంకెలవి. సోమవారం మధ్యాహ్నం ఒక పుస్తకం పెద్దమ్మ చేతిలో పెడితే, ఆవిడ వెన్ను తడిమి, విప్పకుండా పక్కన పెట్టేసింది. అతనికి ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత ఆనందం కలగలేదు. తూనీగ ఇవతలికి వచ్చి అతని డబ్బాలోకి తొంగిచూసింది, అతని మొహంలోకి చూసింది, ఏదో అర్థమైనట్టు తన బల్ల దగ్గరికి వెళ్లి సూది అందుకుంది.

మంగళవారం పొద్దున కాగితం తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టాడు. మూడు తేదీలు, మూడుచోట్లా పన్నెండు. మేనేజరు ఫోనులో గోదాము వాళ్లతో మాట్లాడుతూనే ఆర్డరు కాగితంలో ఖాళీ ఉన్నచోట పన్నెండు అని రాసి, సంతకం చేసి, రబ్బరు ముద్ర కొట్టాడు. ఫోను పెట్టేసి, "పంపిస్తున్నానని చెప్పాను. అంటించెయ్," అన్నాడు. అతను కదల్లేదు.

"ఏం?"

"ఎవరో చూడలేదు మీరు సార్."

"పన్నెండు. ఆగు. పన్నెండు ఖాళీ కదా?"

"శుక్రవారం నుంచి ఖాళీ లేదు సార్. మీరే కూర్చోమన్నారు. అంకె కూడా కొట్టమన్నారు."

మేనేజరు కాగితం వంక, అతని వేళ్లకి చుట్టిన గుడ్డపీలికల వంక, మళ్లీ తడి ఆరని ముద్ర వంక చూశాడు. మొహం ఎర్రబడింది. ఇప్పుడు కేకలేస్తాడు అనుకున్నాడు అతను. ఏమన్నా పడదామని సిద్ధపడే ఉన్నాడు.

"ఎన్ని కుట్టావు?" అన్నాడు మేనేజరు.

ఆ గదిలో ఆయన ఒక అంకె అడగడం అదే మొదటిసారి.

"ఆరు, తొమ్మిది, పద్నాలుగు."

"దాని మీదది?"

"పదకొండో బల్ల సార్. యాభై అయిదు, యాభై మూడు, యాభై రెండు. నావి విప్పి కుట్టడం వల్ల ఇంకా తగ్గాయి."

"నీవి ఎన్ని కుట్టింది?"

"పదిహేను."

మేనేజరు వేళ్లతో బల్ల మీద ఏదో కూడుకున్నాడు. "ఆరో బల్లవి?" అన్నాడు. "మూడోవి?" అతనికి తెలిసినంత చెప్పాడు. చాలాసేపు పట్టింది. ఫోను రెండుసార్లు మోగినా మేనేజరు ఎత్తలేదు.

"ముద్ర పడింది, గోదాముకి మనిషిని పంపుతున్నానని మాటిచ్చాను," అన్నాడు చివరికి. "ఈ నెలంతా పొద్దున పూట గోదాము, మధ్యాహ్నం కంప్యూటరు. నీ తెలివికి అదే బహుమానం. వెళ్లు." అతను గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచాడు. "ఇదిగో. ఇకమీద వరస మొత్తం ప్రింటు తీసి పట్రా. ఎవరివి ఎవరు కుట్టారో ఇంకో వరస కూడా వేయించు. ఒక్క నంబరు నాకు తెచ్చి ఇవ్వకు."

బుధవారం పొద్దున గోదాములో అతను ఎనిమిది కట్టలు ఎక్కించేసరికి నడుం రెండు ముక్కలైనట్టయింది. తొమ్మిదోది దించుకుని దానిమీదే కూలబడి ఊపిరి పీల్చుకుంటుంటే టీ వేళ తూనీగ వచ్చింది. చేతిలో రేకు డబ్బా ఉంది.

"మీదే సారూ. మూడు రోజులవీ పారబొయ్యకుండా దాచాను."

మూత తీసి చూశాడు. అడుగున గుప్పెడు కూడా లేవు.

"పెద్దమ్మ ఒక మాట అడిగి రమ్మంది. వచ్చే నెల మళ్లీ పన్నెండో బల్లకి వస్తారా అని."

"ఏం, అంత బాగా కుట్టానా?"

"అబ్బే. మీకంటే తక్కువ కుట్టే మనిషి ఎంత వెతికినా దొరకడట."

చెప్పి గబగబా రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి, అతని చేతులు చూపించమంది. చూపించాడు. తన నడుముకి దోపుకున్న మైనం ముక్క తీసి అరిచేతుల్లో చీరుకున్నచోట రుద్ది, "సాయంత్రం వేళ్లు బాగా చాపి ముడవండి, మొద్దుబారకుండా ఉంటాయి," అని వెళ్లిపోయింది. అతను డబ్బాని చొక్కా జేబులో పెట్టుకుని, లేచి, తొమ్మిదో కట్టకి వంగాడు.